బ్లూటూత్ స్పీకర్ ఎంచుకోవడం ఎలా: ముందు చోటు, తర్వాత చెవి, చివర వాట్లు

బ్లూటూత్ స్పీకర్ కొనడానికి దుకాణానికి వెళ్లినవారు మొట్టమొదట అడిగేది ‘ఎన్ని వాట్లు?’ అని. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండేదీ, అమ్మేవారు ముందుగా చెప్పేదీ ఆ అంకెనే. నిజానికి అది చివర అడగవలసిన ప్రశ్న. ముందుగా తేలవలసినవి రెండు: స్పీకర్ ఎక్కడ ఉంటుంది, అందులో ఎక్కువగా ఏం వింటారు. ఈ రెండూ తేలితే మార్కెట్లో ఉన్న వందల రకాల్లో చాలా భాగం వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. మిగిలిన నాలుగైదింటిలో ఏది మంచిదో మీ చెవే చెబుతుంది. ఒక్కో పనీ చేసుకుంటూ వెళ్దాం.

1. చోటు, వినేది కాగితం మీద పెట్టండి

ఒక్క వాక్యం చాలు. “వంటింట్లో, పొద్దున గంటసేపు, వార్తలూ భక్తిగీతాలూ.” “డాబా మీద, పాతిక మందికి, సినిమా పాటలు.” “అమ్మ మంచం పక్కన, రాత్రిపూట ప్రవచనాలు.” “పొలంలో మోటారు షెడ్డు దగ్గర, పెన్‌డ్రైవ్ పాటలు.” ఇలా రాసుకోగానే ఒక్కో వాక్యం అడిగే స్పీకర్ వేరని మీకే తెలిసిపోతుంది. వంటింటికి అరచేతిలో ఇమిడేది సరిపోతుంది. అయితే కుక్కర్ కూత మధ్యలోనూ మాట వినబడాలి, తడి చెయ్యి తగిలినా పాడవకూడదు. మంచం పక్కన ఉండేదానికి పెద్ద శబ్దంతో పని లేదు. వాల్యూమ్ బాగా తగ్గించినా మాట తేటగా ఉండాలి, చీకట్లో చేత్తో తడిమితే బటన్ దొరకాలి. డాబాకు మాత్రం నిజంగానే ఎక్కువ శబ్దం కావాలి.

అన్ని పనులూ ఒకే స్పీకర్‌తో జరగాలని చూడకండి. ఎక్కువ రోజులు జరిగే పనికి కొనండి. ఏడాదికి రెండు పుట్టినరోజుల కోసం నాలుగు కిలోల స్పీకర్ కొంటే మిగతా రోజులంతా అది మూలన పడి ఉంటుంది. ఆ రెండు పూటలకూ అద్దెకు తెచ్చుకోవడమే మేలు.

పరిమాణాలు ఊహకు అందడానికి జేబీఎల్ కంపెనీ మోడళ్లు మూడింటిని కొలతగా తీసుకుంటాను. వాటినే కొనమని నా ఉద్దేశం కాదు. వాటి వివరాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి కనుక పోల్చుకోవడానికి వీలుగా ఉంటాయి. అరచేతిలో పట్టే గో 3 బరువు 209 గ్రాములు. నీళ్ల సీసా ఆకారంలో ఉండే ఫ్లిప్ 6 అర కిలో పైన, 550 గ్రాములు. ఛార్జ్ 5 బరువు 960 గ్రాములు, అంటే దాదాపు కిలో. మీరు చూస్తున్న స్పీకర్ ఏ కంపెనీదైనా ఈ మూడింటిలో దేనికి దగ్గరగా ఉందో చూసుకోండి. చిన్న పెట్టెలోంచి పెద్ద నాదం రప్పించడానికి ఇంజనీర్లు ఎన్ని ఉపాయాలు పన్నినా, శబ్దమంటే గాలిని కదిలించడమే. ఎక్కువ గాలిని కదిలించాలంటే పెద్ద పొర, పెద్ద అయస్కాంతం, పెద్ద బ్యాటరీ కావాలి. అవన్నీ బరువే. అందుకే పెట్టె మీద రాసిన వాట్ల కంటే త్రాసు చెప్పేదాన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

2. వాట్ల అంకెను తగ్గించి చదవండి

వాట్లు అంటే స్పీకర్ అందుకోగల విద్యుత్తు. అందులో ఎంత శబ్దంగా మారుతుందన్నది స్పీకర్ తయారీని బట్టి ఉంటుంది. అందువల్ల ఒక కంపెనీ 10 వాట్ల స్పీకర్ మరో కంపెనీ 16 వాట్లదాని కంటే గట్టిగా మోగడంలో వింతేమీ లేదు.

పైగా చెవి లెక్క వేరు. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం పెరిగేది 3 డెసిబెల్లే. శ్రద్ధగా వింటే తెలిసేంత తేడా అది. ‘రెండింతలు గట్టిగా ఉంది’ అని చెవికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్లు పెరగాలి. అందుకు పది రెట్ల వాట్లు కావాలి. 5 వాట్లదానికీ 10 వాట్లదానికీ మధ్య ధర రెట్టింపైనా శబ్దం రెట్టింపు కాకపోవడానికి కారణం ఇదే.

ఆరుబయట ఇంకో చిక్కు ఉంది. గదిలో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. బయట ఆ సాయం ఉండదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్లు పడిపోతాయి. మీటరు దూరంలో విన్నంత గట్టిగా నాలుగు మీటర్ల దూరంలో వినాలంటే పదహారు రెట్ల శక్తి కావాలి. కాబట్టి డాబా మీద విందుకు ఒక మూల పెద్ద స్పీకర్ పెట్టి అరిపించే బదులు, మధ్యస్థమైనవి రెండు తెచ్చి జనం కూర్చునే చోట్లకు దగ్గరగా పెట్టండి. దగ్గర కూర్చున్నవారి చెవులు చిల్లులు పడవు, దూరాన ఉన్నవారికీ పాట అందుతుంది.

పెట్టె మీద ‘పీఎంపీఓ’ అని వందల్లో, వేలల్లో అంకె కనిపిస్తే దాన్ని పూర్తిగా వదిలేయండి. టేప్ రికార్డర్ల కాలం నుంచి వస్తున్న ఆ లెక్కకు అందరూ ఒప్పుకున్న ప్రమాణమేదీ లేదు. ‘ఆర్‌ఎంఎస్’ (నిలకడగా ఇవ్వగల శక్తి) అని రాసి ఉన్న అంకె ఒక్కటే పోలికకు పనికొస్తుంది.

3. మంద్రం ఎంతవరకు పలుకుతుందో చూడండి

వివరాల పట్టికలో ‘ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్’ అన్న వరుస ఉంటుంది, స్పీకర్ ఎంత మంద్రం నుంచి ఎంత తారం దాకా పలుకుతుందో చెప్పేది. దాన్ని చాలామంది చదవరు. నా మటుకు ఆ పట్టికలో అన్నిటికంటే విలువైన వరుస అదే. గో 3కు అది 110 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, ఫ్లిప్ 6కు 63 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా. రెండో అంకె అందరికీ దాదాపు ఒకటే కనుక దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మొదటిది చూడండి, అది ఎంత తక్కువైతే అంత కింది మంద్రం పలుకుతుంది.

ఆ అంకెకు అర్థం తంబుర దగ్గర తెలుస్తుంది. ఇప్పుడు సంగీత సాధన చేసేవారిలో ఎంతోమంది ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టి చిన్న స్పీకర్‌లో వినిపించుకుంటున్నారు. ఒకటి శ్రుతిలో పాడే పురుష గాత్రానికి ఆధార షడ్జం, అంటే ‘స’, సుమారు 131 హెర్ట్జ్. తంబురలో పంచమం తీగ 98 దగ్గర, మంద్ర షడ్జం తీగ 65 దగ్గర మోగుతాయి. 110 దగ్గర మొదలయ్యే స్పీకర్‌లో ఈ రెండు తీగల మూలనాదం సరిగా పలకనే పలకదు. మరి శ్రుతి ఎలా వినిపిస్తోంది? తీగ మూలనాదంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల్లో ఉపనాదాలనూ పలికిస్తుంది. వాటిని బట్టి లేని మూలనాదాన్ని మన మెదడే పూరించుకుంటుంది. అందువల్ల చిన్న స్పీకర్‌తోనూ శ్రుతి కుదురుతుంది, పాడుకోవచ్చు. తగ్గేది ఒళ్లంతా కమ్ముకునే ఆ నిండుతనం. ఐదు, ఐదున్నర శ్రుతుల్లో పాడే స్త్రీలకు తీగలన్నీ ఇంకా పైన ఉంటాయి కనుక చిన్న స్పీకర్‌తో వారికి వచ్చే లోటు తక్కువ.

మృదంగం తొప్పి (ఎడమ ముఖం), డప్పు, సినిమా పాటల్లో బేస్ గిటార్ ఇష్టపడేవారు 70 హెర్ట్జ్ లోపు మొదలయ్యేదాన్ని చూసుకోండి. వార్తలు, ప్రవచనాలు, ఆడియో కథలు వినేవారికి 100 దాటినా నష్టం లేదు. మాటల స్పష్టత హల్లుల్లో ఉంటుంది, హల్లుల శబ్దం ఎక్కువగా రెండు కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది. పెద్దవాళ్ల కోసం ‘మంచి బేస్ ఉన్నది’ అని అడిగి తేవడం పొరపాటు. వినికిడి తగ్గిన చెవికి బేస్ మోతగా వినబడి అసలు మాట అందులో మునిగిపోతుంది.

4. దుకాణంలో మీ శబ్దాలు మీరే వినిపించండి

ఈ ఒక్క పనీ సరిగా చేస్తే మిగతావాటిలో కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. దుకాణంలో వినిపించే నమూనా పాటలు ఆ స్పీకర్‌ను గొప్పగా చూపించడానికి ఏరినవి. అవి వద్దని, మీ ఫోన్ కలపండి. ఇంటి నుంచి బయల్దేరే ముందే ఈ కింది శబ్దాలను ఫోన్‌లోకి దింపి పెట్టుకోండి. ఫోన్‌లో ఈక్వలైజర్, బేస్ బూస్ట్ లాంటివి ఉంటే ఆపేయండి.

మొదట మాట. వార్తలో, ప్రవచనమో పెట్టి వాల్యూమ్ బాగా తగ్గించండి. రెండు మూడు గజాలు వెనక్కి జరిగి వినండి. ‘శ’, ‘ష’, ‘స’ వేర్వేరుగా తెలుస్తున్నాయా? ‘భ’కూ ‘బ’కూ తేడా వినబడుతోందా? అన్నీ ఒకేలా ‘స్స్’ మని కోస్తుంటే ఆ స్పీకర్ కొద్దిసేపట్లోనే చెవికి బరువవుతుంది. డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టుంటే అదీ వద్దు.

రెండోది మృదంగం, తని ఆవర్తనమైతే (మృదంగం ఒక్కటే వాయించే భాగం) మరీ మంచిది. కుడివైపు దెబ్బలు ఒక్కొక్కటీ విడిగా, తెగినట్టు వినబడాలి. ఎడమవైపు తొప్పి ‘గుమ్’ మని మోగి ఆగాలి. మోత ఆగకుండా తర్వాతి దెబ్బ మీద పడుతుంటే బేస్‌ను కృత్రిమంగా పెంచారన్నమాట. ఐదు నిమిషాలు బాగుందనిపిస్తుంది, అరగంటకు తల నొస్తుంది.

మూడోది నాదస్వరం, లేదా తారస్థాయిలో పాడే స్త్రీ గాత్రం. చవక స్పీకర్ గుట్టు ఇక్కడ బయటపడుతుంది. స్వరం పైకి వెళ్లేకొద్దీ రేకు చప్పుడు తోడైతే అక్కడితో ఆపేయండి.

నాలుగోది డప్పు. ఇప్పుడు వాల్యూమ్ పూర్తిగా పెంచండి. దుకాణంవారు ముఖం చిట్లించినా అర నిమిషం వినిపించమని అడగండి. రెండు సంగతులు గమనించాలి. స్పీకర్ పైకప్పు మీద చెయ్యి ఆనిస్తే లోపల ఏదో వదులుగా గిలగిలలాడుతోందా? వాల్యూమ్ చివరి మెట్లలో డప్పు మోత ఒక్కసారిగా పలచబడుతోందా? చిన్న స్పీకర్లలో పొర చిరిగిపోకుండా లోపలి చిప్ బేస్‌ను తానే కోసేస్తుంది. అది తప్పేమీ కాదు, రక్షణ. కానీ మీరు వినే వాల్యూమ్‌లోనే ఆ కోత మొదలైతే మీకు ఒక సైజు పెద్దది కావాలని అర్థం.

ఐదోది నిశ్శబ్దం. పాట ఆపి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా ‘సుయ్’ మంటోందా? పడక పక్కన పెట్టేదానికి ఇది ముఖ్యం. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి రద్దీ వీధుల్లో ఈ పరీక్ష కుదరదు. అక్కడ ధర కనుక్కుని, వినడం మాత్రం నెమ్మదిగా ఉండే షోరూములో వినండి, లేదా ఇదే స్పీకర్ ఉన్న బంధువుల ఇంట్లో వినండి.

రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. కాస్త గట్టిగా మోగేదే బాగుందని చెవి పొరబడుతుంది. రెండింటి శబ్దాన్నీ వీలైనంత సమానం చేసి, ఒకే పాటలో ఒకే ముప్పై సెకన్ల ముక్కను అటొకసారి, ఇటొకసారి వినండి. వెంట ఎవరైనా ఉంటే వారు మారుస్తుండగా మీరు కళ్లు మూసుకుని వినండి. పేరూ ధరా కనబడకపోతే చెవి నిజం చెబుతుంది.

5. బ్యాటరీ గంటలను భాగహారంతో పరీక్షించండి

‘12 గంటలు’, ‘20 గంటలు’ అన్న మాటలు అబద్ధాలు కావు. అవి ఏ వాల్యూమ్‌కు వర్తిస్తాయన్నదే అసలు విషయం. దాన్ని మీరే లెక్క కట్టవచ్చు. బ్యాటరీ సామర్థ్యాన్ని వాట్ అవర్లలో తీసుకుని, చెప్పిన గంటలతో భాగించండి. ఫ్లిప్ 6లో ఉన్నది 17.28 వాట్ అవర్లు, చెప్పింది 12 గంటలు. భాగిస్తే సగటున ఒకటిన్నర వాట్ల లోపే. అదే స్పీకర్ మీద రాసిన శక్తి 30 వాట్లు. ఛార్జ్ 5కు 27 వాట్ అవర్లు, 20 గంటలు. అక్కడా సగటు ఒకటిన్నర లోపే, రాసిన శక్తి మాత్రం 40 వాట్లు. గదిలో మామూలుగా వినడానికి నిజంగానే ఆ ఒకటి, ఒకటిన్నర వాట్లు చాలు. డాబా మీద పూర్తి వాల్యూమ్‌లో మోగిస్తే ఆ గంటలు సగానికో, అంతకంటే కిందికో పడిపోతాయి.

కొందరు మిల్లీ యాంపియర్ అవర్లే రాస్తారు. ఆ అంకెను 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 2,000 ఉంటే 7.4 వాట్ అవర్లు. రెండు మోడళ్లను ఆ అంకెతో పోల్చండి.

ఛార్జింగ్ గుంత టైప్-సీ అయితే మంచిది, ఫోన్ తీగే సరిపోతుంది. పాత రకం మైక్రో యూఎస్‌బీ గుంతలు ఏడాదిలో వదులైపోవడం మామూలు. ఛార్జింగ్ పెట్టుకుని పాటలు వినవచ్చో లేదో కూడా అడగండి. విమానంలో తీసుకెళ్లేవారికి 100 వాట్ అవర్లు దాటకూడదన్న హద్దు ఉంది. చిన్న చేతి స్పీకర్లు దాని దరిదాపుల్లోకి రావు, చేతిసంచిలో పెట్టుకుని వెళ్లవచ్చు.

6. నీరు, దుమ్ము

‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట మీద ఆధారపడకండి, ఐపీ అంకె చూడండి. అందులో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీఎక్స్4 అంటే చిందే నీటిని తట్టుకుంటుంది, వంటింటికి చాలు. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట పడి ఉన్నా ఫరవాలేదు. ఇక్కడ ‘ఎక్స్’ అంటే దుమ్ము పరీక్ష వివరం ఇవ్వలేదని. నూర్పిళ్లప్పుడు పొలానికి, ఇసుక ఎగిరే సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లేవారు ఎక్స్ ఉన్నదాన్ని వదిలి ఐపీ67 తీసుకోవాలి.

ఈ పరీక్షలన్నీ మంచినీటితో చేసినవి. విశాఖలోనో, సూర్యలంకలోనో ఉప్పునీరు తగిలితే ఇంటికి రాగానే కుళాయి నీటితో కడిగి, పూర్తిగా ఆరాకే ఛార్జింగ్ పెట్టండి. రబ్బరు మూత ఉన్న మోడల్ అయితే ఆ మూత మూసి ఉన్నంతవరకే ఐపీ అంకె చెల్లుతుంది.

7. బ్లూటూత్ వెర్షన్ గురించి అతిగా ఆలోచించకండి

5.0 అయినా 5.3 అయినా మామూలు పాటల నాదం మారదు. శబ్దాన్ని కుదించి పంపే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఎస్‌బీసీ అన్నిటిలోనూ ఉంటుంది. ఏఏసీని ఐఫోన్లు వాడతాయి. సోనీ తెచ్చిన ఎల్‌డీఏసీ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు. అయితే అది ఫోన్‌లోనూ స్పీకర్‌లోనూ రెండింటిలోనూ ఉండాలి, ఐఫోన్లలో లేదు. చేతి స్పీకర్‌లో, నడిచే ఇంటి చప్పుళ్ల మధ్య ఈ తేడాను పట్టుకోవడం కష్టం. దానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

పట్టించుకోవలసింది ఆలస్యాన్ని. ఫోన్ నుంచి బయల్దేరిన శబ్దం స్పీకర్‌లో వినబడేసరికి సెకనులో పదో వంతుకు పైనే గడిచిపోతుంది. పాటలకు, నృత్య సాధనకు ఇది తెలియనే తెలియదు. వీడియో యాప్‌లు చాలావరకు బొమ్మను కూడా అంతే ఆపి సర్దుతాయి. ఆటల్లో, ఫోన్‌లో కీబోర్డు వాయించేటప్పుడు మాత్రం వేలికీ స్వరానికీ పొంతన కుదరదు. ఆ పని ఉన్నవారు తీగ పెట్టుకునే ఆక్స్ గుంత ఉన్నదే కొనాలి. ఈ గుంత ఇప్పుడు చాలా మోడళ్లలో తీసేశారు, ఫ్లిప్ 6లో కూడా లేదు.

8. వాడేవారి చేతికి ఇచ్చి చూడండి

ముఖ్యంగా పెద్దవాళ్ల కోసం కొంటుంటే వారినే వెంట తీసుకెళ్లండి. బటన్లు ఉబ్బెత్తుగా ఉండి వేలికి తెలియాలి. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఎఫ్‌ఎం రేడియో ఉన్న స్పీకర్‌ను ఖరీదైన కంపెనీలు చిన్నచూపు చూస్తాయి కానీ, డెబ్బై ఏళ్లవారికి అంతకు మించిన సౌకర్యం లేదు. మనవడి ఫోన్ కోసం ఎదురుచూడక్కర్లేదు, ప్రవచనం మధ్యలో ఫోన్ మోగి తెగిపోదు. అందులో ఒక్క మెలిక చూసుకోండి: ఆపి మళ్లీ పెడితే ఆగిన చోటు నుంచి మొదలవుతుందా, మొదటి ఫైలుకు వెళ్లిపోతుందా? రెండు గంటల ఉపన్యాసం వినేవారికి ఇది చిన్న విషయం కాదు.

కొన్ని స్పీకర్లు ఆన్ చేయగానే, ఫోన్ కలవగానే గట్టిగా ఇంగ్లిష్‌లో ప్రకటిస్తాయి. తెల్లవారుజామున ఇల్లంతా లేస్తుంది. దాన్ని ఆపే వీలుందో లేదో అడగండి. శ్రుతికి వాడేవారు ఇంకోటి చూడాలి. కొన్ని మోడళ్లు శబ్దం బాగా తక్కువగా ఉంటే ఏమీ మోగడం లేదనుకుని వాటంతటవే ఆగిపోతాయి.

ఫోన్ మాటలకు వాడదామనుకుంటే మైకు ఉందో లేదో ముందే కనుక్కోండి. ఫ్లిప్ 6, ఛార్జ్ 5 లాంటి పేరున్న మోడళ్లలోనే లేదు. రెండు స్పీకర్లను జతగా మోగించాలనుకునేవారు రెండూ ఒకేసారి, ఒకే మోడల్ కొనడం మంచిది. జత చేసే పద్ధతి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, ఒకే కంపెనీలో పాతవీ కొత్తవీ కూడా కలవకపోవచ్చు. ఫ్లిప్ 6 వాడే పార్టీబూస్ట్, తర్వాత వచ్చిన ఫ్లిప్ 7 వాడే ఆరాకాస్ట్ ఒకదానితో ఒకటి కలవవు. రంగు దీపాల సంగతి మీ ఇష్టం. బ్యాటరీ మాత్రం తింటాయి.

9. డబ్బు కట్టే ముందు పెట్టె తిప్పి చూడండి

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తుతో పాటు ‘ఆర్-’ అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే అది ఏ తయారీదారు పేరున ఉందో కనిపిస్తుంది. పేరున్న కంపెనీ స్పీకర్ సగం ధరకు వస్తోందంటే ఈ అర నిమిషం పని తప్పక చేయండి. ఎంఆర్‌పీ, తయారైన నెల, దిగుమతిదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు కూడా ముద్రించి ఉండాలి. తయారై రెండేళ్లు దాటిన పెట్టె అయితే ఇంకోటి ఇమ్మనండి. వాడకుండా పడి ఉన్నా లిథియం బ్యాటరీ మెల్లగా నీరసపడుతుంది.

సర్వీసు సెంటర్ మీ ఊళ్లో, లేదా వరంగల్, రాజమహేంద్రవరం, అనంతపురం లాంటి దగ్గరి పట్టణంలో ఉందా అని అడగండి. అమెరికా నుంచి పిల్లలు తెచ్చే స్పీకర్ యూఎస్‌బీతోనే ఛార్జ్ అవుతుంది కనుక కరెంటు ఇబ్బంది రాదు. వారంటీ మాత్రం కొన్న దేశానికే పరిమితమై ఉండవచ్చు, కొనే ముందే ఆ నిబంధన చదవమనండి.

10. మొదటి వారంలోనే పూర్తిగా వాడి చూడండి

ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పుతున్నప్పుడు వీడియో తీయండి. వాపసు గడువు ఎన్ని రోజులో, డబ్బు తిరిగిస్తారో, వస్తువు మారుస్తారో ముందే చదివి ఉంచుకోండి. తర్వాత పూర్తిగా ఛార్జ్ చేసి, మీరు రోజూ వినే వాల్యూమ్‌లో పెట్టి, ఆగేదాకా ఎన్ని గంటలు మోగిందో రాసుకోండి. ఫోన్‌ను పక్క గదిలో పెట్టి నడవండి. ఒక గోడ అడ్డం వస్తేనే తెగిపోతుంటే అది లోపమే. కలపడానికి స్పీకర్‌లో బ్లూటూత్ బటన్‌ను దీపం మినుకుమినుకుమనేదాకా నొక్కి పట్టి, ఫోన్ జాబితాలో పేరు తాకితే సరిపోతుంది. తర్వాత నుంచి అదే కలుస్తుంది.

నాదం నచ్చకపోతే వెనక్కి పంపే ముందు చోటు మార్చి చూడండి. గోడకు ఆనిస్తే బేస్ పెరుగుతుంది, మూలన పెడితే ఇంకా పెరుగుతుంది. అలమరా గూట్లోకి తోస్తే గొంతు బొంగురుపోతుంది. డొల్ల చెక్కబల్ల మీద పెడితే బల్ల కూడా మోగుతుంది, కింద మందపాటి గుడ్డ మడిచి వేయండి. మాటలు వినేదైతే కూర్చున్నవారి చెవి ఎత్తులో, గోడకు అడుగు దూరంలో ఉంచండి.

శబ్ద కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాలకు పెట్టిన హద్దు 45 డెసిబెల్లు, పగలు 55. డాబా మీద వాడేవారు పది కాగానే దించేయండి. బేస్ గోడలు దాటుకుని వెళ్తుంది, పాట వినబడని పక్కింటికీ ఆ మోత చేరుతుంది.

ఎండాకాలం కారులో వదిలేయకండి, లిథియం బ్యాటరీకి వేడి అన్నిటికంటే చేటు. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జింగ్‌తో నీడలో ఉంచి, రెండు మూడు నెలలకోసారి చూసుకోండి. బిల్లు ఫొటో తీసి దాచండి. దుకాణాల్లో ఇచ్చే పలచటి కాగితం మీద అచ్చు ఏడాది తిరగకుండానే చెరిగిపోతుంది, వారంటీ అడిగే రోజున అది ఖాళీ చీటీయే. లోపం ఉండి దుకాణమూ కంపెనీ కూడా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు, బిల్లు సంఖ్య దగ్గర పెట్టుకుంటే చాలు.